నూలుతో కొలిచిన కుర్చీ

మూసుకున్న కళ్ళ మీదికి గాలి రావడం ఆగిపోయేసరికి సత్యప్రియ కళ్ళు తెరిచింది. పైన ఫ్యాను రెక్కలు ఒక్కటొక్కటిగా విడివడి కనబడుతున్నాయి. కరెంటు పోయింది. ఆంప్లిఫయర్ ముఖాన ఉన్న ఎర్రదీపం ఆరిపోయింది. నల్లటి రికార్డు అలవాటు కొద్దీ ఇంకో రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. దాని మీదికి ముల్లు దించబోతున్న మామ అయ్యాసామి చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన నిద్రపోతున్న పసిపిల్లను దించినట్టు ముల్లును దాని చోట పెట్టి ఇటు తిరిగాడు. “లేవొద్దమ్మా, ఆడనే కూచోనుండు. ఇప్పుడొచ్చేస్తాది కరెంటు.” ఆమె లేవలేదు. లేస్తే మళ్ళీ కూర్చోవడం తన వల్ల కాదని తెలుసు. పాట మొదలు కానందుకు ప్రాణం కుదుటపడింది, ఎప్పటికైనా మొదలు కాక తప్పదని మళ్ళీ బిగుసుకుంది. కోవిల్‌పట్టిలో ఈ ఇంట్లోకి కొత్తగా అడుగుపెట్టిన ప్రతి మనిషినీ మామ ఈ కుర్చీలో కూర్చోబెడతాడు. తల కదల్చకూడదు, కళ్ళు తెరవకూడదు. ఎదురుగా ఉన్న రెండు చెక్కపెట్టెల్లోంచి పాట వస్తుంది. వయొలిన్ ఎక్కడుంది, పిల్లనగ్రోవి ఎక్కడుంది, పాడే మనిషి ఎక్కడ నిలబడి పాడుతోంది, వేలెత్తి చూపించాలి. అందరూ చూపించారు. పెళ్ళికి ముందు ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి చుట్టించడానికి పోయింది కాబట్టి కొత్తకోడలి వంతు ఇన్నాళ్ళూ రాలేదు, ఈరోజు వచ్చింది. కొత్తకోడలికి కుడి చెవి వినపడదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక్క చెవితో పాట వినపడదని కాదు, బాగానే వినపడుతుంది. వయొలినూ వస్తుంది, పాడే మనిషి ఊపిరి తీసుకోవడమూ వస్తుంది. ఎక్కడినుంచి అన్నది మాత్రం రాదు. రెండు చెవులున్నవాళ్ళు శబ్దానికి ఊరూ పేరూ రెండూ వింటారేమో, ఆమెకు పేరు మాత్రమే వినిపిస్తుంది. లోకమంతా ఒకే చోటు నుంచి మాట్లాడుతుంది. పిలుపు వినబడగానే తిరిగి చూడటం ఆమె చిన్నప్పుడే మానేసింది. ముందు పక్కవాళ్ళ కళ్ళు చూస్తుంది, వాళ్ళు ఎటు చూస్తే తనూ అటు చూస్తుంది. అలా చూసి చూసి మనుషుల ముఖాలు చదవడం వచ్చేసింది. ఎవరు అబద్ధం చెప్పబోతున్నారో, ఎవరికి ఆకలిగా ఉండి మొహమాటపడుతున్నారో ఆమెకు ముందే తెలిసిపోతుంది. నెమ్మదైన పిల్ల, ఓపికగల పిల్ల అని అందరూ అనేవాళ్ళు. రెండో క్లాసులో ఉండగా చెంపలు రెండూ వాచి జ్వరం వచ్చింది. వేపాకు నూరి పట్టువేసి, పసుపుగుడ్డ గడ్డం కిందినుంచి నెత్తిమీదికి కట్టారు. వాపు తగ్గింది, జ్వరం తగ్గింది. ఒకరోజు రాత్రి ఎడమ చెంప దిండుకు ఆనించి పడుకుంటే ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారిగా మొరగడం మానేశాయి. తల తిప్పితే మళ్ళీ మొరిగాయి. ఆమె ఆ రాత్రంతా కుక్కల్ని ఆపుతూ మొదలుపెడుతూ ఆడుకుంది. పొద్దున లేచి గొప్పగా చెబితే అమ్మ రాజమ్మాళ్ ముఖం ఎలా మారిందో ఇప్పటికీ గుర్తే. మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డ కుడి చెవి దగ్గర వేళ్ళతో చిటికె వేసింది, మళ్ళీ వేసింది. పెళ్ళికి ముందు అదే అమ్మ తల దువ్వుతూ, “ఎవరితోనూ చెప్పొద్దు పాపా. జనాన్ని ఎడం పక్కన పెట్టుకో, చాలు,” అంది. చెవిటిపిల్లను అంటగట్టారన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా అది తన మీద పడేది కాదు, పోయి పోయి అమ్మ మీద పడేది. అందుకే ఆమె ఎత్తబోయే వేలు సరిగ్గా ఎత్తాలి.

ఎటు ఎత్తాలి? గది ఉక్కగా ఉంది. పక్కసందులో వేరుశనగ మిఠాయి చేసే కొట్టంలో బెల్లం పాకం ఉడుకుతున్న వాసన కిటికీలోంచి గదిలోకి వచ్చి కదలకుండా కూర్చుంది. ఆమె పాదాల దగ్గర ఎర్రటి గచ్చు మీద నాలుగు తెల్లటి గుర్తులున్నాయి, కుర్చీ కాళ్ళకు ఒక్కొక్కటి. పొద్దున అత్త నాగమ్మాళ్ చిమ్మడానికి కుర్చీ జరిపింది, ఆ తరువాత మామ చేసిన పని ఆమె గుమ్మం దగ్గర నిలబడి చూసింది. గుర్తుల్లో కుర్చీ పెట్టేసి ఊరుకోలేదాయన. జేబులోంచి మిల్లు నూలు ఉండ తీశాడు. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నూలు లాగి తుంచాడు. ఆ పొడుగునే ఎడమ పెట్టె నుంచి కుర్చీకి, కుడి పెట్టె నుంచి కుర్చీకి పట్టి చూశాడు. మూడూ ఒకటే అయితేనే పాట నడిమికి వచ్చి నిలబడుతుందట. వెంట్రుకవాసి ఎడంగా ఉంటే నిట్టూర్చి, కుర్చీని బొటనవేలితో నెట్టాడు. పూలు కట్టేవాళ్ళలో, నేతవాళ్ళలో ఆమె అలాంటి చేతులు చూసింది, పాట కోసం అంత శ్రద్ధ పడే చేతులు చూడలేదు. ఆ నూలు గాలికి ఊగుతుంటే ఆయన ఊపిరి బిగబట్టి అది నిలిచేదాకా ఆగాడు. అత్త పక్కనుంచి, “కొడుకు నామకరణానికి కూడా ఈ మనిషి ఇంత చూసి చూసి చెయ్యలేదు,” అంటే వినిపించుకోలేదు. రికార్డును పాత పట్టుగుడ్డతో తుడిచేటప్పుడు ఆయన నోరు కొంచెం తెరుచుకుంటుంది. పాట వినేటప్పుడూ అంతేనట. చెవులతోపాటు నోటితో కూడా వింటున్నట్టుంటుందని భర్త కుమారవేల్ చెప్పి నవ్వాడు. అంత బాగా వినే మనిషి ముందు ఏమీ వినపడని పిల్లలా కూర్చోవడం ఆమెకు గుడి గర్భాలయంలోకి చెప్పులతో వెళ్ళినట్టుంది.

కుమారవేల్ వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. భర్త అన్నాక ఎక్కడ నిలబడతాడు, ఆమె కుడి పక్కన. భార్య ఎడమన, భర్త కుడిన, పెళ్ళినాడు పీటలు మార్చి కూర్చోబెట్టినప్పటి నుంచి అంతే. పీటలు మార్చకముందు బాగుండేది. తాళి కట్టేవరకూ ఆయన ఆమె ఎడమవైపు కూర్చున్నాడు. హోమం పొగకు దగ్గడం, మెడలో మాల సర్దుకుంటే పూరేకులు నలగడం, ఆ మనిషి ఊపిరి కూడా ఆమెకు వినబడ్డాయి. పరవాలేదు, భయపెట్టే ఊపిరి కాదు అనుకుంది. తాళి పడింది, నాదస్వరం చెలరేగింది, పెద్దవాళ్ళు లేపి ఆమెను అటు, ఆయనను ఇటు మార్చారు. కూర్చున్న మరుక్షణం ఆయన వంగి ఆమె కుడి చెవిలో ఏదో చెప్పాడు. భార్య అయ్యాక విన్న మొదటి మాట. విననిది. ఆమె తల వంచి నవ్వింది, అమ్మాయి సిగ్గుపడుతోందని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తమిళ నెల వైకాసిలో పెళ్ళి. కొత్తకోడలు అత్తింట ఉండకూడని ఆడి నెలంతా పుట్టింట్లో ఉండి వచ్చింది. ఆ నెలంతా ఆ మాట ఏమై ఉంటుందా అని అనుకుంటూనే ఉంది. నీళ్ళు తోడుతూ ఒకటి అనుకునేది, అంట్లు తోముతూ ఇంకోటి. నిన్ను బాగా చూసుకుంటాను అని ఉంటుంది. భయపడకు అని ఉంటుంది. అడగాలంటే వినలేదని చెప్పాలి కదా. ఇప్పుడు కూడా ఆయన వంగాడు. నాన్న అటు తిరిగి వైర్లు చూసుకుంటున్నాడని ఒకసారి చూసి, ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అన్నాడు. కంటికొసకు మీసం కదలడం కనిపించింది, ఊపిరి వెచ్చగా తగిలింది. దొంగపని చేసినట్టు కన్నుగీటాడు. ఆమె నవ్వింది. ఇలాంటప్పుడు ఎంత నవ్వాలో ఆమెకు బాగా తెలుసు.

విరుదునగర్‌లో పప్పుల గోడౌనులో ఆయన ఉద్యోగం, అక్కడే రెండు గదుల ఇల్లు. ఆదివారం వస్తే కోవిల్‌పట్టి బస్సు. బస్సు ఎక్కగానే ఆమె కుడివైపు ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ దగ్గరికి వెళ్ళిపోతుంది. అలాగైతే ఆయన ఎడమన పడతాడు. మొదటిసారి ఆయన, “నీకు కొండలు చూసేది ఇష్టమా?” అన్నాడు. దక్షిణానికి పోయేటప్పుడు అటువైపు దూరంగా పడమటి కొండలు మబ్బుల్లా కనిపిస్తాయి నిజమే. తిరుగు ప్రయాణంలోనూ ఆమె కుడివైపే కూర్చుంది. అటు నల్లరేగడి చేలు, ఇటుకబట్టీలు తప్ప ఏమీ లేవు. ఆయన సాత్తూరు దాకా ఆలోచించి, “ఎవరన్నా జోస్యుడు చెప్పినాడా, కుడి పక్కనే కూచోమని?” అని గంభీరంగా అడిగాడు. ఆమె అవునని తలూపింది. అప్పటినుంచి జనం ఎంత ఉన్నా కండక్టరుతో పోట్లాడి మరీ ఆ సీటు పట్టిపెడుతున్నాడు, జోస్యం చెడిపోకుండా. ఒకరోజు ఎడమ సీటే దొరికింది. ఫోనులో పాట పెట్టి, ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో పెట్టుకుని రెండోది ఆమె కుడి చెవిలో మెల్లగా అమర్చాడు. ఆ అమర్చడంలోని మెత్తదనం ఆమెకు ఇప్పటికీ ఒళ్ళంతా తెలుస్తుంది. ఆ చెవిలోకి ఏ పాటా రాలేదు. ఆయన వేలు మోకాలి మీద తాళం వేస్తుంటే, ఆ వేలు చూస్తూ ఆమె తల ఆడించింది. “బాగుండాదా?” అన్నాడు ఆయన. చాలా బాగుంది అంది. ఒక పాటలో సగం ఆయన దగ్గర, సగం ఆమె దగ్గర. తన దగ్గరికి వచ్చిన సగం ఏమైందో ఆమెకు తెలియదు.

“రెండు పెట్టెలు దేనికి, పాడేది ఒకటే పాట గదా?” అత్త ఉల్లిపాయల పళ్ళెంతో వచ్చి గుమ్మంలో కూర్చుంది. “నన్ను కూచోబెట్టినప్పుడు నేను వంటింటి పక్క చూపిస్తిని సత్యా. కుక్కరు ఆడ కూస్తా ఉంటే నాకు వయలెను యాడ వినపడేది? అంతే, నాకు మార్కులు లేవు.” మామ కోపం తెచ్చుకోలేదు. ఆయన అసలు పాటలతో బతికింది రెండు పెట్టెలతో కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయనది రేడియో సెట్టు, అంటే మైకుసెట్టు అద్దెకు కట్టే పని. పెళ్ళి అయినా, చెవులు కుట్టినా, అమ్మవారి కొలుపు అయినా సైకిలు మీద పెద్ద గొట్టాలు వేసుకుని పోయి స్తంభానికి నాలుగు దిక్కులకూ కట్టేవాడు. ఇప్పుడు ఒక్క గొట్టమే మిగిలి మిద్దెమీద పడి ఉంది, దానిలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. సత్యప్రియకు తమ ఊరి కొలుపు గుర్తొచ్చింది. ఎవరి గొట్టాలో తెలియదు, ఈయనవైనా కావచ్చు, ఇంకెవరివైనా కావచ్చు. నాలుగు గొట్టాలూ నాలుగు దిక్కులకూ ఒకే పాటను ఒకేలా పంచేవి. ఊరు మొత్తం పాటతో నిండిపోయేది. అది ఎటునుంచి వస్తోందని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు. ఆ మూడు రోజులూ ఎవరి కళ్ళూ చూడనక్కరలేకుండా, ఊళ్ళో అందరిలాగా, చేల గట్ల మీద ఒంటరిగా తిరుగుతూ ఆమె పాటలు విన్నది. గొట్టాలు విప్పి సైకిలు మీద కట్టుకుని పోతున్న మనిషి వెనక ఊరి చివరిదాకా నడిచింది కూడా. ఈ మాట మామతో చెప్పాలనిపించింది. చెప్పేలోపు నెత్తిమీద గాలి కదిలింది.

ఎర్రదీపం వెలిగింది. “కళ్ళు మూసుకో తల్లీ,” అన్నాడు మామ. ముల్లు దిగింది. సన్నగా చినుకుల చప్పుడు, ఆ చినుకుల్లోంచి పాత తమిళ పాట ఒకటి లేచింది. ఆమె అంతకుముందు వెయ్యిసార్లు విన్న పాటే, ఇంత శుభ్రంగా ఎన్నడూ వినలేదు. పాడే మనిషి పెదవులు తడిచేసుకోవడం కూడా తెలుస్తోంది. వయొలిన్లు గుంపుగా వచ్చాయి, తబలా వచ్చింది, ఎక్కడో వాటి వెనక కొంచెం మసగ్గా పిల్లనగ్రోవి. అన్నీ వచ్చి ఒకే గుమ్మంలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డాయి. తల ఒక్క వేలెడు తిప్పితే చాలు, ఏది దగ్గరవుతుందో ఏది దూరమవుతుందో చూసి కనిపెట్టేయగలదు, అలాగే బతికింది. తిప్పకూడదు. “వయలెను యాడుండాది?” ఆమె చెయ్యి ఒడిలోంచి లేచింది. ఉన్నవి రెండే పక్కలు, గుడ్డిగా చూపించినా సగం అదృష్టం తన చేతిలో ఉంది. అమ్మ గుర్తొచ్చింది. చిటికె వేసిన ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. నూలు నిలిచేదాకా ఊపిరి బిగబట్టిన మామ గుర్తొచ్చాడు. ఆ మనిషికి దొంగవేలు చూపించబుద్ధి కాలేదు. చెయ్యి మళ్ళీ ఒడిలోకి వచ్చేసింది. “అన్నీ ఒకే చోటినించి వస్తుండాయి మామా,” అంది.

పాట ఆగింది. ఆమె కళ్ళు తెరిచేసరికి కుమారవేల్ ఆమెను వింతగా చూస్తున్నాడు. ఇక నవ్వుతారు, ఇక అడుగుతారు అనుకుంది. మామ నవ్వలేదు, అడగలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆంప్లిఫయర్ ముందు చతికిలబడ్డాడు. “సరిగ్గానే ఉంది గదా నాయనా, నాకు బాగానే వినపడె,” అన్నాడు కుమారవేల్. “గమ్మునుండు. పిల్ల చెప్తాదంటే ఏదో ఉండాది. చుట్టిచ్చి తెచ్చినాక యాడనో వయరు మారిపోయుంటాది. మన చెవులు పాతవైపోయినాయి రా, దాని చెవులు కొత్తవి.” ఒక స్క్రూ గచ్చు మీద దొర్లింది, రెండోది దొర్లింది. తాను ఒక్కొక్క తీగా కలిపి కట్టిన పెట్టెను, ఇన్నేళ్ళు ఊరందరూ మెచ్చిన పెట్టెను, నిన్నగాక మొన్న వచ్చిన కోడలి ఒక్క మాట మీద ఆయన విప్పేస్తున్నాడు. ఆమె మాటను అంత నమ్మిన మనిషి ఇంతకుముందు ఎవరూ లేరు. మూత సగం లేచేదాకా ఆమె చూడగలిగింది. ఆపైన చూడలేకపోయింది.

“విప్పొద్దు మామా. పెట్టె సరిగ్గానే ఉండాది. నాకు ఈ పక్క చెవి వినపడదు. రెండో క్లాసులో జొరం వచ్చినప్పటినించి. మీకెవరికీ చెప్పలేదు.” ముందుగా కదిలింది అత్త. “అట్లయితే నేను వెనకాల నించి పిలిచినప్పుడంతా?” “వినపడేది, యాడనించో తెలిసేది కాదు అత్తా.” “అయ్యో, ఈ పిల్లకి కొమ్ములుండాయని మా అక్కతో చెప్పేస్తిని గదే! ఇప్పుడు మళ్ళీ బస్సెక్కి పోయి లేవని చెప్పాల.” కుమారవేల్ ఇంకా ఆ చెవి మాట దగ్గరే ఆగి ఉన్నాడు, “మరి ఇందాక నేను చెప్పింది? వయలెను ఎడమ పక్క, పిల్లంగోవి కుడి పక్కన అని చెవిలో చెప్పితిని గదా?” “మీ మీసం కదిలేది చూస్తిని. అంతే.” మామ స్క్రూడ్రైవరు కొడుకు వైపు తిప్పాడు. “ఏరా, నా ఇంట్లోనే నాకు తెలీకుండా జవాబు చెప్పిస్తివా?” ఆ తరువాత లేచి కుర్చీ దగ్గరికి వచ్చాడు. పాపమనలేదు, ఏ డాక్టరుకు చూపించారనీ అడగలేదు. “కొంచెం లెయ్యమ్మా,” అని ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు. కుడి అరచేతిని కుడి చెవికి గట్టిగా మూసుకున్నాడు. “పెట్టరా పాట.”

పాట మళ్ళీ మొదటినుంచి వచ్చింది. కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఆయన పల్లవంతా ఒక్క చెవితో విన్నాడు. కొత్త ఊరికి వచ్చిన మనిషి వీధులు చూస్తున్నట్టు ఆయన కనుబొమలు కదులుతున్నాయి. “పిల్లంగోవి వెనక్కి పోయింది,” అన్నాడు చివరికి, తనలో తాను. “నీకు ఇట్లనేనా?” “నాకు తెలీదు మామా. ఎప్పుడూ ఇంతే.” ఆయన లేచి వెళ్ళి ఆంప్లిఫయర్ మూలన ఉన్న చిన్న బొత్తాము నొక్కాడు, ఎవరూ ముట్టుకోక దాని మీద దుమ్ము పేరుకుంది. “ఇది మోనో. రెండు పెట్టెల్లోనూ అంతా కలిసి ఒకటే వస్తాది, మన గొట్టం మాదిరి. స్టీరియో కట్టినాక దీన్ని నేను నొక్కింది లేదు.” ఆమెను కూర్చోబెట్టి కుర్చీని ఆ నాలుగు గుర్తుల్లోంచి బయటికి లాగాడు, ఆమె ఎడమ చెంప పెట్టెల వైపు వచ్చేలా తిప్పాడు. జేబులోంచి నూలు తీశాడు. ఒక కొస ఒక పెట్టె దగ్గర కుమారవేల్ పట్టుకున్నాడు, రెండో కొస మామ ఆమె ఎడమ చెవి దాకా తెచ్చి ఆపాడు. ఇంకో పెట్టె నుంచి మళ్ళీ తెచ్చాడు. నూలు కొస చెవికి తగిలి చక్కిలిగిలి పెట్టింది. ఈసారి పిల్లనగ్రోవి వెనకనుంచి నడిచి వచ్చి అందరి పక్కనా నిలబడింది. అది ఇంత సేపు పాడుతుందని, పాడే మనిషి ఆగినప్పుడల్లా ఆ మాటను తాను అందుకుంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

కుమారవేల్ నూలు వదిలేసి వచ్చాడు. అలవాటుగా కుడి పక్కకు వచ్చి, ఆగి, కుర్చీ చుట్టూ తిరిగి ఎడమ పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. “మరి పెండ్లినాడు నేను చెప్పింది?” అని మెల్లగా అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఒక నెలంతా నీళ్ళు తోడుతూ అనుకున్న మాటలన్నీ వరసకట్టి నిలబడ్డాయి. ఆయన చెవి దగ్గరికి వంగాడు. “మాలలో చీమలుండాయి, కదలొద్దు, కదిలితే కుట్టేస్తాయి, అని చెప్పితిని. నువ్వు విని నవ్వితివి. ఎంత ధైర్యం ఈ పిల్లకి అనుకొంటిని.” ఆ రోజు మెడమీద కుట్టింది కొత్త గొలుసు అనుకుందామె. నవ్వు కడుపులోంచి వచ్చింది, ఎంత నవ్వాలో చూసుకోకుండా నవ్వింది. “గమ్మునుండండి, చరణం వస్తుండాది,” అని మామ కసిరి, మళ్ళీ తన కుడి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి కుమారవేల్ పెట్టుకున్నాడు. గుమ్మంలో అత్త, ఉల్లిపాయ చేతిని చీరకొంగుకు తుడుచుకుని, ఏది కుడో ఏది ఎడమో ఒక క్షణం తడబడి, తనూ పెట్టుకుంది. సత్యప్రియ చేతులు ఒడిలో ఉన్నాయి. ఆ గదిలో చెవి మూసుకోకుండా పాట వింటున్నది ఆమె ఒక్కతే.